సెషన్ తెరిస్తే ఆర్డోర్ మూసుకుపోతోంది, మళ్లీ ఫార్మాట్ కొట్టాలా?

ప్రశ్న: సార్, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇంట్లో వీధి గదిని రికార్డింగ్‌కి సర్దుకున్నాను. క్రిస్మస్‌కి చర్చి పాటలు, కార్తీకంలో భజనలు, తీర్థాల టైములో దేవుడి పాటలు చేస్తుంటాను. ఏదో ఆఫీసులో తీసేసిన సెకండ్ హ్యాండ్ కంప్యూటర్, 8 జీబీ ర్యామ్. ఉబుంటు 24.04 అనే లైనక్స్‌లో, పాటలు రికార్డు చేసి మిక్స్ చేసే ఆర్డోర్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. శబ్దం సర్దే ఈక్యూ లాంటివి అందులో తగిలించే ప్లగిన్లు కదా, వాటిలో కొన్ని లైనక్స్‌వి, మిగతావి విండోస్‌వి. విండోస్‌వాటిని వైన్ (లైనక్స్‌లో విండోస్ ప్రోగ్రాంలు నడిపేది), యాబ్రిడ్జ్ (ఆ ప్లగిన్లని ఆర్డోర్‌కి కలిపే వంతెన) పెట్టి నడుపుతున్నాను. వైన్ వాళ్ల సైటు నుంచే దించుకున్నాను. మొన్న అప్‌డేట్ కొట్టాక మొదలైంది గొడవ. అంతర్వేది తీర్థానికి ఇవ్వాల్సిన పాట సెషన్ తెరిస్తే సగం లోడై మొత్తం మూసుకుపోతోంది. ఇంకో సెషన్‌లో ఈక్యూ విండో తెరిస్తే చాలు, ఆర్డోర్ పోతోంది. మరో సెషన్ బాగానే తెరుచుకుంటుంది, అరగంట పని చేశాక చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. ఇప్పటికి రెండుసార్లు ఫార్మాట్ కొట్టాను. మా బావ "విండోస్‌కి పోరా, ఈ తలనొప్పి నీకెందుకు" అంటున్నాడు. పాట వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. ఒకటే టెన్షన్. మూడోసారి ఫార్మాట్ కొట్టమంటారా?

జవాబు: వద్దండి. రెండుసార్లు కొట్టినా పోని రోగం మూడోసారికి పోతుందన్న నమ్మకం ఏముంది? ఫార్మాట్ కొట్టగానే, ఏది చెడిందో చెప్పే లాగ్‌లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఆ సాయంత్రానికే మీరు నెట్ నుంచి మళ్లీ అదే కొత్త వైన్, అవే ప్లగిన్లు దించుకుంటారు. ఉబుంటు కొత్తదైంది గానీ, గొడవ చేసే సరుకు ఎక్కడున్నది అక్కడే ఉంది.

మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. తెరుస్తుండగా పోవడం, విండో తెరిస్తే పోవడం, అరగంట ఆడాక పోవడం. ఇవి మూడు వేర్వేరు రోగాలు. మీరు మూడింటికీ కలిపి ఒకే మందు వేస్తున్నారు. ఏ ప్లగిన్ చెడిందని వెతకబోయే ముందు, సరిగ్గా ఏ క్షణంలో పోతోందో చూడాలి. కారణం తొంభై పాళ్లు అక్కడే దొరుకుతుంది.

దానికంటే ముందు పాట సంగతి. భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో రథం కదిలేసరికి మైక్‌సెట్‌లో మీ పాట ఉండాలి. రిపేరు తర్వాత చూసుకుందాం.

సెషన్ ఫోల్డర్ మొత్తం ఇంకో డిస్కులోకి కాపీ చేయండి. ఇక నుంచి ముట్టుకునేది కాపీనే, అసలు జోలికి పోకండి. ఆర్డోర్‌లో సెషన్ ఎంచుకునే చోట సేఫ్ మోడ్ అని ఒక టిక్ బాక్స్ ఉంటుంది, అంటే ప్లగిన్లన్నీ ఆపేసి తెరవమని. అది పెట్టి తెరవండి. అలా కూడా పోతే తప్పు ప్లగిన్లది కాదు, సౌండ్ కార్డు సెట్టింగులో సెషన్ ఫైలో చూడాలి. తెరుచుకుంటే మాత్రం గాయకుడి గొంతు, డప్పు, తాళాలు, కోరస్, మీరు మైకులో పట్టిందంతా పదిలంగా ఉన్నట్టే. రికార్డయిన శబ్దం మామూలు వేవ్ ఫైళ్లలో ఉంటుంది, ప్లగిన్ వాటినేమీ చేయలేదు. ఒక్కో ట్రాకునూ ఎక్స్‌పోర్ట్ చేసి కొత్త సెషన్‌లో పేర్చుకోండి.

మిక్స్‌కి ఆర్డోర్‌తో పాటే వచ్చే ఏస్ ఈక్యూ, ఏస్ కంప్రెసర్, ఏస్ రివర్బ్ వాడండి. అవి చాలకపోతే ఎల్ఎస్‌పీ ప్లగిన్లు, డ్రాగన్‌ఫ్లై రివర్బ్ ఉన్నాయి. ఇవన్నీ లైనక్స్‌కే పుట్టినవి, వైన్‌తో పనిలేదు. హార్మోనియం మిడీ మీద (శబ్దం కాక, ఏ స్వరం నొక్కారో మాత్రమే దాచే పద్ధతి) విండోస్ ఇన్‌స్ట్రుమెంట్‌తో వాయించి ఉంటే ఆ ట్రాకు మూగగా ఉంటుంది. దానికి ఒక మంచి సౌండ్‌ఫాంట్ (వాయిద్యం శబ్దాలున్న ఫైలు) తెచ్చి ఆర్డోర్‌తో వచ్చే ఏస్ ఫ్లూయిడ్ సింత్‌లో వేయండి, లేదా ఎస్ఎఫ్‌జెడ్ రకం ఫైలైతే దాన్ని వాయించే స్ఫిజ్ ప్లగిన్‌లో. మీ విండోస్ ప్లగిన్ అంత బాగుండకపోవచ్చు. అయినా ఈ పాట వినేది తాటిచెట్టంత ఎత్తున కట్టిన హారన్లలో. వాటిలో బేస్ ఎలాగూ పలకదు. మాట స్పష్టంగా వినబడాలి, అంతే. ఆ మాత్రం పనికి ఉచితంగా వచ్చే ఈక్యూ చాలు.

పాట ఇచ్చేశాక తీరిగ్గా కూర్చుని చేయాల్సిన పని ఇప్పుడు చెబుతాను.

ప్లగిన్ అంటే విడిగా నడిచే ప్రోగ్రాం కాదు. ఆర్డోర్ దాన్ని తన ప్రాసెస్‌లోకే, తన మెమరీలోకే ఎక్కించుకుంటుంది. అందులో ఒక ప్లగిన్ తనది కాని చోట రాయబోయిందంటే లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ ఆ ప్రాసెస్‌ను మొత్తంగా చంపేస్తుంది. ప్లగిన్‌తో పాటు ఆర్డోర్, దాంతో పాటు మీరు సేవ్ చేయని పది నిమిషాల పని గల్లంతు. బిట్‌విగ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ప్లగిన్లను వేరే ప్రాసెస్‌లో నడిపే ఏర్పాటు ఉంది. ఆర్డోర్ వాళ్లు కావాలనే అది పెట్టలేదు. పెద్ద సెషన్‌లో వందల ప్లగిన్లు ఉంటే అటూ ఇటూ మారడానికే సీపీయూ టైమ్ చాలా పోతుందని వాళ్ల వాదన. వాదన సబబే గానీ, కస్టమర్ పక్కన కుర్చీలో కూర్చుని ఉండగా స్క్రీన్ ఖాళీ అయితే ఆ సబబు ఎవరికి కావాలి? యాబ్రిడ్జ్ విండోస్ ప్లగిన్లను విడిగా ఒక వైన్ ప్రాసెస్‌లోనే నడుపుతుంది. అయినా అవతలివైపు పడిపోతే ఇవతల ఆర్డోర్ జవాబు కోసం ఎదురుచూస్తూ బిగుసుకుపోవచ్చు, లేదా అదీ పోవచ్చు.

ఇకనుంచి ఆర్డోర్‌ని ఐకాన్ నొక్కి తెరవకండి. టెర్మినల్ తెరిచి అందులో పేరు టైపు చేసి నడపండి. పోయేముందు అది చెప్పే ఆఖరి మాటలు అక్కడ కనబడతాయి. పోయిన వెంటనే, వేరే ఏ కమాండూ ఇవ్వకుండా, ఎకో అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, డాలర్ గుర్తు, దాని పక్కనే ప్రశ్నార్థకం పెట్టి ఎంటర్ నొక్కండి. ఒక నంబర్ వస్తుంది. ప్రోగ్రాం ఎలా పోయిందో ఆ నంబర్ చెబుతుంది. 128కి సిగ్నల్ నంబర్ కలిపితే వచ్చేదే అది.

139 వస్తే సెగ్మెంటేషన్ ఫాల్ట్, తనది కాని మెమరీ ముట్టుకుంది. ప్లగిన్ క్రాష్‌లలో ఎక్కువగా కనబడేది ఇదే. 134 వస్తే ప్రోగ్రాం తనంతట తనే ఆగిపోయింది, లోపల ఏదో లెక్క తప్పిందని గుర్తించింది. ఆ పైన మాలాక్ అనో, డబుల్ ఫ్రీ అనో మాట కనబడితే జాగ్రత్త. మెమరీ పాడుచేసిన ప్లగిన్ ఒకటి, పాడైన చోట కాలుపెట్టి పడిపోయింది ఇంకొకటి. అలాంటప్పుడు పడిపోయినదాన్ని పట్టుకుని తిట్టి లాభం లేదు.

132 అనేది సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లవాళ్లు తప్పక గుర్తుపెట్టుకోవాల్సిన నంబర్. ఆ ప్లగిన్‌లో మీ ప్రాసెసర్‌కి రాని ఆదేశం ఉందని అర్థం. ఇంటెల్ కోర్ ప్రాసెసర్లలో ఏవీఎక్స్ అనే ఆదేశాలు 2011లో రెండో తరంతో వచ్చాయి, ఏవీఎక్స్2 2013లో నాలుగో తరంతో. ఆ రోజుల్లో పెంటియం, సెలరాన్ పేరుతో అమ్మినవాటిలో ఇవి లేవు. కొత్త ప్లగిన్లు కొన్ని ఏవీఎక్స్ ఉందనుకునే తయారవుతున్నాయి. మీది మొదటి తరం ఐ5 లాంటిదైతే ఆ ప్లగిన్ ఎన్ని ఫార్మాట్లు కొట్టినా నడవదు. ఎల్ఎస్‌సీపీయూ అనే కమాండ్ ఇస్తే ఫ్లాగ్స్ అన్న వరుసలో ఏవీఎక్స్ ఉందో లేదో కనబడుతుంది. అర నిమిషం పని. ఆఫీసుల్లో తీసేసిన కంప్యూటర్ కొనేటప్పుడు కూడా, హార్డ్ డిస్క్ ఎంత అని అడిగే ముందు ఇది చూడండి.

137 వస్తే బయటి నుంచి ఎవరో చంపారు. ఆ కథ మీ మూడో సెషన్ దగ్గర చెబుతాను.

మొదటి సెషన్‌కి వద్దాం, తెరుస్తుండగా పోయేది. చేలో నీరు నిలవకపోతే గట్టు పొడవునా తవ్వుకుంటూ పోం కదా, మధ్యలో అడ్డుకట్ట వేసి ఏ సగంలో నీరు తగ్గుతోందో చూస్తాం, గండి ఉన్న సగాన్ని మళ్లీ సగం చేస్తాం. ఇదీ అంతే. యాబ్రిడ్జ్ సింక్ చేసినప్పుడు తయారయ్యే ఫైళ్లు హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే వీఎస్‌టీ3 ఫోల్డర్‌లో యాబ్రిడ్జ్ పేరుతో ఉంటాయి, పాతరకం వీఎస్‌టీ2వి చుక్క వీఎస్‌టీ ఫోల్డర్‌లో. వాటిలో సగం తీసి పక్కన ఇంకో ఫోల్డర్‌లో పెట్టి, కాపీ చేసుకున్న సెషన్ తెరవండి. ఆర్డోర్‌లో ఒక మంచి గుణం ఉంది. ప్లగిన్ దొరక్కపోతే దాని జాగాలో ఉత్త పేరు పెట్టి, సెట్టింగులు అలాగే దాచిపెట్టి, మిగతా సెషన్ తెరుస్తుంది. ప్లగిన్ వెనక్కి వచ్చాక మీ సెట్టింగులు మళ్లీ అందులోకి వస్తాయి. కాబట్టి భయం లేకుండా తీసి చూడొచ్చు. తెరుచుకుంటే దొంగ మీరు తీసిన సగంలో ఉన్నాడు, తెరుచుకోకపోతే మిగిలిన సగంలో. ముప్ఫై ప్లగిన్లున్నా ఐదారుసార్లు తెరిచి మూసేసరికి ఒక్కటి మిగులుతుంది. విండోస్‌వన్నీ తీసేసినా పోతోందంటే లైనక్స్ ప్లగిన్ల ఫోల్డర్‌లో ఇదే పని చేయండి.

ఆ మిగిలిన ఒక్కదాన్ని ఆర్డోర్ బయట నడిపి చూడండి. అందుకు ప్లగిన్లని విడిగా నడిపే కార్లా అనే ప్రోగ్రాం చాలా బాగా పనికొస్తుంది, ఉబుంటులోనే దొరుకుతుంది. కార్లాలో ఆ ఒక్క ప్లగిన్ ఎక్కించండి. అక్కడా పడిపోతే తప్పు ప్లగిన్‌ది, లేదా దాని కింద ఉన్న వైన్‌ది. అక్కడ బాగా నడిచి ఆర్డోర్‌లోనే పడితే ఆ రెండింటికీ పొసగడం లేదన్నమాట. వీఎస్‌టీ3 ప్లగిన్ అయితే ప్లగిన్‌వాల్ అనే ఉచిత పరీక్ష ప్రోగ్రాం ఉంది. 1 నుంచి 10 వరకు ఎంత గట్టిగా పరీక్షించాలో చెప్పొచ్చు. 5 దగ్గర నిలబడితే మామూలు వాడకానికి పర్వాలేదని లెక్క. లైనక్స్‌లో వాడే ఎల్‌వీ2 రకం ప్లగిన్ అయితే, దాన్ని ఒక్కదాన్నే నడిపే జాల్వ్ అనే చిన్న ప్రోగ్రాం చాలు.

నా అనుమానం మాత్రం వైన్ మీదే. మీరు వైన్ వాళ్ల సైటు నుంచి దించుకున్నారు కాబట్టి ప్రతి అప్‌డేట్‌కీ కొత్త వెర్షన్ వచ్చి కూర్చుంటోంది. యాబ్రిడ్జ్ వైన్ లోపలి పద్ధతుల మీద గట్టిగా ఆధారపడుతుంది, అక్కడ చిన్న మార్పు జరిగినా ఇక్కడ తేడా కొడుతుంది. 2024 చివర్లో వైన్ 9.22 వచ్చినప్పుడు ఏమైందో గుర్తుందా? యాబ్రిడ్జ్ ద్వారా తెరిచిన విండోల్లో మౌస్ ఒకచోట నొక్కితే క్లిక్ ఇంకోచోట పడేది. నాబ్ తిప్పుదామని చేయి పెడితే పక్క బటన్ నొక్కుకుపోయేది. చాలామంది 9.21కి వెనక్కి వెళ్లి అక్కడే ఆగిపోయారు. మీరూ యాబ్రిడ్జ్‌తో సరిపడే వెర్షన్‌కి దిగి, యాప్ట్-మార్క్ హోల్డ్ కమాండ్‌తో పేరులో వైన్ ఉన్న ప్యాకేజీలన్నీ అక్కడే ఆపేయండి. తర్వాత యాబ్రిడ్జ్‌సీటీఎల్ సింక్ ఇంకోసారి నడపండి. ఒక మెలిక ఉంది. కొత్త వైన్ ఒకసారి నడిచిందంటే విండోస్ ప్లగిన్లున్న ప్రిఫిక్స్ ఫోల్డర్‌ని తనకు తగ్గట్టు మార్చేస్తుంది. పాత వైన్‌కి దిగాక ఆ ఫోల్డర్ సాఫీగా నడుస్తుందని భరోసా లేదు. కొత్త ప్రిఫిక్స్ పెట్టి ప్లగిన్లు అందులో మళ్లీ ఎక్కించుకోవడమే మేలు. పాటలకోసం విడిగా ఒక ప్రిఫిక్స్ ఉంచుకోండి, అందులో ఇంకే విండోస్ సాఫ్ట్‌వేరూ వేయొద్దు.

ఇక్కడ ఒక మాట అడగాలి, ఏమీ అనుకోకండి. ఆ విండోస్ ప్లగిన్లలో పెన్ డ్రైవ్ మీద వచ్చినవి ఎన్ని? రాజమండ్రి నుంచి నరసాపురం దాకా ఏ రికార్డింగ్ గదికి వెళ్లినా అదే పెన్ డ్రైవ్, అవే ఫోల్డర్లు. క్రాక్ చేసిన ప్లగిన్ అంటే ఎవరో లోపలి కోడ్ కోసి అతికించినది. విండోస్‌లోనే అరకొరగా నడుస్తుంది, వైన్‌లో అది పడిపోతే ఎందుకు పడిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. తయారుచేసినవాళ్లని అడిగే ముఖం మనకి ఉండదు. నీతులు చెప్పడం నా పని కాదు, కానీ వాటి క్రాష్‌కి కారణం వెతుకుతూ రాత్రులు పాడుచేసుకోవద్దు. అవి తీసేసి చూడండి, సగం రోగాలు వాటంతటవే పోతాయి. డబ్బు పెట్టి కొన్నవాటిలో కూడా ఐలాక్ లాంటి తాళం ఉన్నవి వైన్‌లో మొరాయిస్తాయి. కొనేముందు డెమో దించి నడిపి చూసుకోండి.

రెండో సెషన్, ఈక్యూ విండో తెరిస్తే పోయేది. ఇది కాస్త తేలిక. విండో తెరిస్తేనే పోతోందని మీరే రాశారు, తెరవనంతసేపూ శబ్దం బాగానే వస్తోందంటే ప్లగిన్‌లో శబ్దం పనిచూసే భాగానికి ఏ లోటూ లేదు, బొమ్మ గీసే భాగమే చెడింది. ఆర్డోర్‌లో ఆ ప్లగిన్ పేరు మీద రైట్ క్లిక్ చేస్తే జెనరిక్ కంట్రోల్స్‌తో ఎడిట్ చేసే ఎంపిక కనబడుతుంది. అది నొక్కితే ప్లగిన్ సొంత విండో బదులు ఆర్డోర్ తన స్లైడర్లతో ఒక సాదా విండో చూపిస్తుంది. చూడ్డానికి కరెంటు ఆఫీసు ఫారంలా ఉంటుంది, పని మాత్రం ఆగదు.

కారణం కావాలంటే మూడు చోట్ల చూడండి. స్క్రీన్ మీద విండోలు చూపించడానికి ఉబుంటు 24.04 మామూలుగా వేలాండ్ అనే కొత్త పద్ధతి వాడుతుంది, ప్లగిన్ విండోలు ఎక్కువభాగం పాత ఎక్స్11 పద్ధతివి. లాగిన్ స్క్రీన్‌లో కింద పళ్లచక్రం గుర్తు నొక్కి ఉబుంటు ఆన్ జోర్గ్ (ఆ పాత పద్ధతే) ఎంచుకుని లోపలికి వెళ్లండి. అక్కడ పడకపోతే తేలిపోయింది. రెండోది గ్రాఫిక్స్ డ్రైవర్. లిబ్‌జీఎల్ ఆల్వేస్ సాఫ్ట్‌వేర్ అనే వేరియబుల్‌ని 1 చేసి ఆర్డోర్ నడిపితే గ్రాఫిక్స్ కార్డుని పక్కనపెట్టి బొమ్మంతా సీపీయూ గీస్తుంది. విండో బద్ధకంగా కదులుతుంది గానీ పడిపోవడం ఆగితే దోషం డ్రైవర్‌ది. మూడోది, మీరు ఆర్డోర్‌ని ఫ్లాట్‌పాక్‌గా వేసుకున్నారేమో చూడండి. ఫ్లాట్‌పాక్ తనదైన గోడల మధ్య ఉంటుంది, సిస్టమ్‌లో వేసిన ప్లగిన్లు దానికి కనబడవు, వైన్ వ్యవహారం అసలు కుదరదు. ఇలాంటి పనికి ఆర్డోర్ వాళ్లిచ్చే సొంత ఇన్‌స్టాలరే మంచిది. బగ్ చెప్పుకుందామని వెళితే వాళ్లు మొదట అడిగేది కూడా అదే.

మూడో సెషన్ అసలు చిక్కు. అరగంట బాగా నడిచి మాయమైపోయేదాన్ని పట్టుకోవడం కష్టం. ఎందుకంటే మనం చేసిన ఏ పనికీ అది వెంటనే స్పందించదు. ఇక్కడ ఆ నంబర్ చాలా ముఖ్యం.

137 వచ్చిందనుకోండి. జర్నల్‌సీటీఎల్ కమాండ్‌కి కె అనే ఆప్షన్ ఇచ్చి కెర్నల్ లాగ్ చూడండి. ఔట్ ఆఫ్ మెమరీ అని వరుస ఉంటే ర్యామ్ నిండిపోయి కెర్నల్ ఆర్డోర్‌ని చంపింది. ఉబుంటులో సిస్టమ్‌డీ-ఊమ్‌డీ అని ఇంకో కాపలాదారుడు కూడా ఉన్నాడు, అతను చంపితే మామూలు జర్నల్‌లో ఆ పేరు కనబడుతుంది. 8 జీబీలో వయొలిన్ల శాంపిల్ లైబ్రరీ, పక్కన బ్రౌజర్‌లో పాత పాట రిఫరెన్స్ తెరిచి పెడితే నిండిపోవడం పెద్ద వింతేమీ కాదు. వాయించడం అయిపోయిన మిడీ ట్రాకుల్ని ప్రాసెసింగ్‌తో సహా బౌన్స్ చేసి ఆడియోగా మార్చుకుని, అసలు ట్రాకుని ఇనాక్టివ్ చేయండి. వీలైతే ఇంకో 8 జీబీ వేయించండి. పాత కంప్యూటర్లకి ర్యామ్ పెద్ద ఖరీదేమీ కాదు, మీ బావ ఊరికే సలహాలివ్వకుండా అందులో ఓ చెయ్యి వేయొచ్చు.

137 వచ్చి, లాగ్‌లో మెమరీ మాటే లేకపోతే? లేదా 152 వచ్చి, సీపీయూ టైమ్ లిమిట్ అన్న మాట కనబడితే? ఇది చాలామందికి తెలియని గొడవ. ఉబుంటులో శబ్దాల రాకపోకలు చూసే పైప్‌వైర్, సౌండ్ ప్రాసెస్‌కి రియల్‌టైమ్ హక్కు (మిగతా పనులకంటే ముందు సీపీయూ దొరికే హక్కు) ఆర్‌టీకిట్ అనే సర్వీసు ద్వారా ఇప్పిస్తుంది. ఆ హక్కుతో పాటు ఒక షరతు ఉంటుంది. మధ్యలో ఊపిరి తీసుకోకుండా సెకనులో ఐదోవంతు, అంటే 200 మిల్లీసెకన్లు సీపీయూ పట్టుకుంటే కెర్నల్ చంపేయొచ్చు. బరువైన ప్లగిన్ లోడయ్యేటప్పుడో, ప్రీసెట్ మార్చినప్పుడో ఆ గీత దాటేస్తుంది. ప్లగిన్‌లో ఏ బగ్గూ లేకపోయినా ఇలా పోతుంది. ఆర్డోర్‌లో ఆడియో సెటప్‌కి వెళ్లి, జాక్ (పైప్‌వైర్ మీదుగా వెళ్లే దారి) బదులు ఆల్సా (లైనక్స్ సొంత సౌండ్ డ్రైవర్లు) ఎంచుకుని మీ సౌండ్ కార్డుని నేరుగా ఇచ్చేయండి. అప్పుడు పైప్‌వైర్ మధ్యలో ఉండదు. ఆర్డోర్ నడుస్తున్నంతసేపు ఆ కార్డు మీద యూట్యూబ్ వినబడదు, పని చేసేటప్పుడు అది మంచిదే. ఆల్సాలో రియల్‌టైమ్ హక్కు రావాలంటే మీ యూజర్ ఆడియో గ్రూప్‌లో ఉండాలి, లిమిట్స్ ఫైల్లో ఆ గ్రూప్‌కి ఆర్‌టీప్రయో 95, మెమ్‌లాక్ అన్‌లిమిటెడ్ అని ఉండాలి. మార్చాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వడం మరిచిపోకండి.

139 వచ్చి, అదీ ప్రతిసారీ వేరే చోట వస్తే? ఒకసారి రివర్బ్ దగ్గర, ఇంకోసారి ఏ ప్లగిన్ లేకుండా, మరోసారి బ్రౌజర్ కూడా పడిపోయి. అప్పుడు సాఫ్ట్‌వేర్ వదిలేసి కంప్యూటర్ డబ్బా విప్పండి. మీ ఊరు సముద్రానికి దగ్గర, ఏడాదిలో సగం రోజులు గాలే తడిగా ఉంటుంది, అందులో ఉప్పు. ర్యామ్ కర్ర తీసి వెలుగులో పట్టుకుంటే అంచున బంగారు రంగు పళ్లు వరుసగా కనబడతాయి. అవి మెరవాలి. వాటి మీద గోధుమ రంగు మచ్చో, పొగచూరినట్టు మసకో ఉంటే స్లాట్‌లో సరిగ్గా తగలడం లేదు. కరెంటు ప్లగ్ తీసేసి, పిల్లల తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి అంతా దులిపి, టక్కుమనేదాకా నొక్కి పెట్టండి. ఆ తర్వాత కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో మెమ్‌టెస్ట్ ఎంచుకుని రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి ఒక్క ఎర్ర వరుస కనబడినా ఆ ర్యామ్ మార్చాల్సిందే. మెమ్‌టెస్ట్‌లో తప్పు వచ్చిన కంప్యూటర్‌లో ప్లగిన్ల మీద దర్యాప్తు చేయడం దండగ.

మెమరీ బాగుండి, ప్రతిసారీ ఒకేచోట పడుతుంటే, పడిన క్షణంలో ప్రోగ్రాం మెమరీని దాచిపెట్టే సిస్టమ్‌డీ-కోర్‌డంప్ అనే ప్యాకేజీ వేయండి. ఈసారి పడినప్పుడు కోర్‌డంప్‌సీటీఎల్ జాబితాలో అది కనబడుతుంది. దాన్ని జీడీబీ అనే డీబగ్గర్‌లో తెరిచి బీటీ అని కొడితే చివరి క్షణంలో ఎవరు ఎవరిని పిలిచారో వరుసగా వస్తుంది. అర్థం కాకపోయినా ఫర్వాలేదు, పై నాలుగైదు వరుసల్లో ఏ ప్లగిన్ ఫైలు పేరుందో చూడండి చాలు. విండోస్ ప్లగిన్ల విషయంలో ఇది పెద్దగా ఉపయోగపడదు. వాటికి యాబ్రిడ్జ్ డీబగ్ లెవెల్ 1 చేసి, లాగ్‌ని ఒక ఫైల్లోకి మళ్లించుకోండి.

మీ బావ మాటకి నా జవాబు. విండోస్‌కి వెళ్లడంలో తప్పేమీ లేదు. మీ పనంతా ఐదారు విండోస్ ప్లగిన్ల మీదే నడుస్తుంటే, వాటికోసం వైన్‌ని బతిమాలుకోవడం కంటే అది నయం. కానీ ఏవీఎక్స్ లేని ప్రాసెసర్, నిండిపోయే ర్యామ్, పొగచూరిన పళ్లు విండోస్ వేసినంత మాత్రాన బాగుపడవు. ముందు నంబర్ చూసి రోగం తేల్చుకోండి, ఆ తర్వాత ఏ ఊళ్లో కాపురమైనా మీ ఇష్టం. నన్నడిగితే కొత్త పాటలు లైనక్స్ ప్లగిన్లతో మొదలుపెట్టి, పాత సెషన్ల కోసం మాత్రమే యాబ్రిడ్జ్ ఉంచుకుంటాను.

లైనక్స్‌లోనే ఉండేట్టయితే అప్‌డేట్ల విషయంలో కట్టుబాటు పెట్టుకోండి. చేతిలో పాట ఉండగా అప్‌డేట్ నొక్కొద్దు. కార్తీకం అయ్యాక క్రిస్మస్ పని మొదలయ్యేలోపు, తీర్థాల సీజన్ అయ్యాక, ఇలా ఖాళీ చూసుకుని కొట్టండి. కొట్టేముందు టైమ్‌షిఫ్ట్‌తో సిస్టమ్ స్నాప్‌షాట్ తీయండి. అది మామూలుగా హోమ్ ఫోల్డర్‌ని కలుపుకోదు, వైన్ ప్రిఫిక్స్ ఉండేది అక్కడే కాబట్టి దాన్ని విడిగా కాపీ చేసుకోవాలి. పూర్తయిన ప్రతి పాటకీ ట్రాకులన్నీ ఎఫెక్టులతో సహా ఆడియోగా ఒక ఫోల్డర్‌లో దించి ఉంచండి. పై ఏడాది అదే కమిటీవాళ్లు వచ్చి ఆ పాటలో ఊరి పేరు మార్చమంటే, అప్పటికి ఏ ప్లగిన్ ఉన్నా లేకున్నా పని జరుగుతుంది.

తప్పు ఒక లైనక్స్ ప్లగిన్‌దేనని తేలితే దాన్ని చేసినవాళ్లకి రాయండి. వాళ్లలో చాలామంది ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట ఇది చేసేవాళ్లే. "మీ ప్లగిన్ పనిచేయడం లేదు" అంటే వాళ్లకీ ఏం చేయాలో తెలియదు. ఉబుంటు వెర్షన్, ఆర్డోర్ వెర్షన్, ప్లగిన్ వెర్షన్, ఆ నంబర్, బీటీ ఇచ్చిన వరుసలు, కార్లాలో పడిందా లేదా, ఏ బటన్ నొక్కితే పడింది, ఇవన్నీ రాయండి. ఇంగ్లిష్ బాగా రాకపోతే ముక్కలు ముక్కలుగా రాసినా చాలు, వాళ్లకి కావాల్సింది ఆ వరుసలే. సెషన్ పంపమంటే కస్టమర్ పాట పంపకండి, ఒక ఖాళీ ట్రాకు మీద ఆ ప్లగిన్ ఒక్కటే పెట్టి, అది పడుతుందో లేదో చూసుకుని, ఆ చిన్న సెషన్ పంపండి.